కొత్త వ్యాపారం నిలబడాలంటే లోపల ఏముండాలి? హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో కొత్తగా వ్యాపారం పెట్టబోయేవాళ్లు, పెట్టి రెండు మూడేళ్లయినా ఇంకా కుదురుకోనివాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. లోన్ ఎక్కడ దొరుకుతుంది, ఏ లైసెన్స్ తీసుకోవాలి లాంటివి ఇక్కడ లేవు. వాటికి మీ ఆడిటర్ గారు ఉన్నారు. వ్యాపారం లోపల ఏ బలం ఉంటే అది నిలబడుతుంది, ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది, ఎలా పోతుంది అన్నవాటి గురించే ఈ పేజీ.

అంతర్గత సామర్థ్యం అంటే ఏమిటి? చేతిలో ఉన్న డబ్బు, మెషిన్లు కూడా అందులోకి వస్తాయా?

రావు. డబ్బు, మెషిన్లు, షెడ్డు వనరులు. వాటితో ఒక పనిని మళ్లీ మళ్లీ, ఒకే నాణ్యతతో, నష్టం రాకుండా చేయగలగడం సామర్థ్యం. జీడిమెట్లలో పక్కపక్క షెడ్లలో ఒకే మోడల్ సీఎన్‌సీ మెషిన్లు (కంప్యూటర్ ప్రోగ్రాం ప్రకారం లోహాన్ని కోసేవి) ఉన్నాయనుకోండి. ఒకచోట వంద పీసుల్లో రెండు రిజెక్ట్ అవుతాయి, ఇంకోచోట పదిహేను. మెషిన్ ధర ఒకటే, నెలనెలా కట్టే ఈఎంఐ ఒకటే. సెట్టింగ్ చేసే మనిషి అనుభవం, టూల్ ఎప్పుడు మార్చాలో రాసిపెట్టిన రిజిస్టరు, మొదటి పీసు కొలవకుండా రెండోది ఎక్కించకూడదన్న అలవాటు, ఇవే ఆ తేడాకి కారణం.

ఎడిత్ పెన్‌రోజ్ అనే ఆర్థికవేత్త 1959లోనే ఈ విషయాన్ని వివరంగా రాశారు. ఒకే వనరు నుంచి వేర్వేరు సంస్థలు వేర్వేరు ఫలితం రాబట్టుకుంటాయని, ఎదుగుదల దాన్నిబట్టే ఉంటుందని ఆమె వాదన. 1991లో జే బార్నీ దీనికి ఒక పరీక్ష చేర్చారు: ఆ బలం కస్టమర్‌కి విలువైనదై ఉండాలి, అందరి దగ్గరా ఉండకూడదు, కాపీ కొట్టడం కష్టంగా ఉండాలి, దాని బదులు ఇంకోటి పెట్టి పని కానిచ్చే వీలుండకూడదు. ఈ నాలుగు ప్రశ్నలూ మీ వ్యాపారానికి వేసి చూడండి. చాలామందికి రెండో ప్రశ్న దగ్గరే జవాబు ఆగిపోతుంది.

ఐడియా కొత్తదైతే, మార్కెట్ కూడా ఉంటే అది చాలదా?

చాలదు. కొత్త సంస్థలు పాతవాటికంటే ఎక్కువగా ఎందుకు మూతపడతాయో ఆర్థర్ స్టించ్‌కోంబ్ అనే సమాజశాస్త్రవేత్త 1965లో చెప్పారు. ఎవరు ఏ పని చేయాలో ఎవరికీ ఇంకా అలవాటై ఉండదు. పనిచేసేవాళ్లు ఒకరికొకరు కొత్త. సరుకిచ్చేవాడికి మీరెవరో తెలియదు కాబట్టి ఉద్దెర ఇవ్వడు. కొనేవాడికి మీరు వచ్చే ఏడాది ఉంటారో లేదో నమ్మకం ఉండదు. ఐడియా ఎంత గొప్పదైనా వీటిలో ఒక్కటీ తీరదు. లోపలి పద్ధతులు, మనుషుల మధ్య కుదిరిన పని పంపకం, ఇచ్చిన మాట ప్రకారం సరుకు పంపిన చరిత్ర, ఇవి ఏర్పడేకొద్దీ ఒక్కొక్కటే తీరుతుంది.

హైదరాబాద్‌లో దీనికి కళ్లకు కనిపించే ఉదాహరణ ఉందా?

ఉంది. మన ఫార్మా రంగమే. దాని మూలాలు బాలానగర్‌లో ఉన్నాయి.

ప్రభుత్వ రంగ సంస్థగా 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ (ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్), సోవియట్ సాయంతో ఇక్కడ సింథటిక్ మందుల ప్లాంటు పెట్టింది. వ్యాపారంగా అది తర్వాత కుంగిపోయింది. కానీ అక్కడ పనిచేసిన కెమిస్టులు, ఇంజినీర్లు ఒక విద్య నేర్చుకున్నారు. ల్యాబ్‌లో గాజు ఫ్లాస్కులో వచ్చిన రసాయన చర్యను పెద్ద రియాక్టర్లో, టన్నుల లెక్కన, పేలిపోకుండా, దిగుబడి తగ్గకుండా చేయడం ఎలాగన్నది ఆ విద్య. పుస్తకంలో చదివితే రాదు. ఫ్లాస్కులో పుట్టే వేడి దాని గోడల గుండా వెళ్లిపోతుంది, పెద్ద రియాక్టర్లో అలా వెళ్లదు. ఇలాంటివి ప్లాంటులో రాత్రి షిఫ్టులు చేసినవాళ్లకే బాగా తెలుస్తాయి.

అంజిరెడ్డి గారు ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చినవారే. వచ్చీ రాగానే డాక్టర్ రెడ్డీస్ పెట్టలేదు. మధ్యలో యూనిలాయిడ్స్, స్టాండర్డ్ ఆర్గానిక్స్ అనే కంపెనీల్లో భాగస్వామిగా పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు. బయటి పరిస్థితి కూడా కలిసొచ్చింది. 1970 పేటెంట్ చట్టం ప్రకారం మన దేశంలో మందు మీద కాదు, దాన్ని తయారుచేసే పద్ధతి మీదే పేటెంట్ ఉండేది. 2005 దాకా అదే పరిస్థితి. అంటే అదే మందుకి వేరే దారి కనుక్కోగలిగినవాడిదే వ్యాపారం. ఆ చట్టం దేశమంతటికీ వర్తించింది. కానీ దాన్ని వాడుకోగల చేతులు హైదరాబాద్‌లో ఎక్కువ ఉన్నాయి. అవకాశం అందరికీ ఒకేసారి వచ్చినా కొందరే అందుకోవడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

ఈ వరుసలో ఇంకో పేరు మురళి దివి గారు. అమెరికా నుంచి తిరిగొచ్చి, అంజిరెడ్డి గారితో కలిసి కెమినార్ డ్రగ్స్‌లో పనిచేశారు. 1990లో సొంతంగా పెట్టింది ఫ్యాక్టరీ కాదు, దివీస్ రీసెర్చ్ సెంటర్. మందుల ముడిసరుకుల తయారీ పద్ధతులను అభివృద్ధి చేయడం దాని పని. చౌటుప్పల్‌లో ప్లాంటు వచ్చింది 1995లో. ముందు చేతికి విద్య, తర్వాత ఇనుము, సిమెంటు. మనలో చాలామంది దీన్ని తిరగేసి చేస్తాం. ముందు షెడ్డు, బోర్డు, ప్రారంభోత్సవం. పని చేయగలిగే మనిషి కోసం వెతుకులాట ఆ తర్వాత.

అయితే ఆ రంగంలో అనుభవం లేనివాళ్లు అసలు దిగకూడదా?

శాంతా బయోటెక్నిక్స్ పెట్టిన వరప్రసాద్ రెడ్డి గారు ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. జీవశాస్త్రం ఆయన చదువు కాదు. 1993లో కంపెనీ మొదలుపెట్టి, 1997 ఆగస్టులో హెపటైటిస్-బి టీకా ‘శాన్‌వాక్-బి’ని మార్కెట్లోకి తెచ్చారు. జన్యు సాంకేతికతతో మన దేశంలో తయారైన తొలి టీకా అది. విదేశీ టీకా కొనే స్తోమత లేని కుటుంబాలకు అందే ధరలో వచ్చింది.

కాబట్టి దిగొచ్చు. అయితే ఆయన ఏం చేశారో కూడా చూడండి. తనకు రాని విద్య తెలిసిన శాస్త్రవేత్తలను పోగుచేశారు. సొంత ల్యాబ్ లేనప్పుడు ముందు ఉస్మానియా యూనివర్సిటీలో, తర్వాత జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో చోటు సంపాదించి పరిశోధన సాగించారు. వ్యవస్థాపకుడికి బయాలజీ రాకపోయినా, కంపెనీ లోపలికి ఆ విద్య వచ్చింది. ఆ మనుషులను నాలుగేళ్లు చెదిరిపోకుండా ఒకే పని మీద నిలబెట్టడం కూడా సామర్థ్యమే. ఎవరూ దాన్ని బ్యాలెన్స్ షీట్‌లో చూపించరు, అంతే.

మీకు రాని పని మీద వ్యాపారం పెడుతున్నారంటే, ఆ పని వచ్చినవాళ్లను ఎంచుకోవడం, వాళ్లు చెప్పేది నిజమో కాదో పట్టుకోవడం మీకు రావాలి. కొత్త విషయాన్ని అర్థం చేసుకోవాలంటే దాని గురించి కొంతైనా ముందే తెలిసుండాలని కోహెన్, లెవింథాల్ అనే పరిశోధకులు 1990లో రాశారు. పూర్తిగా ఖాళీ బుర్రతో కన్సల్టెంట్‌ను పెట్టుకుంటే, ఆయన మంచివాడో కాదో తేల్చుకోవడానికి ఇంకో కన్సల్టెంట్ కావాలి.

టీ-హబ్‌లో చోటు దొరికింది. ఇక మావాళ్ల సామర్థ్యం గురించి అంత టెన్షన్ ఎందుకు?

చోటు దొరకడం మంచిదే. స్టార్టప్‌లకు చోటు, సాయం ఇచ్చే టీ-హబ్ 2015 నవంబరులో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో మొదలై, 2022 జూన్‌లో రాయదుర్గంలోని పెద్ద భవనంలోకి మారింది. మహిళా వ్యాపారవేత్తల కోసం 2018 నుంచి వీ హబ్ ఉంది. వస్తువు నమూనా తయారు చేసుకోవడానికి 2023 మార్చిలో టీ-వర్క్స్ వచ్చింది. పరిచయాలు, సలహాదారులు, పెట్టుబడిదారుల ముందు నిలబడే అవకాశం, ఖరీదైన యంత్రాలను కొనకుండా వాడుకునే వీలు, ఇవన్నీ అక్కడ దొరుకుతాయి.

అయితే మీకు దొరికేవే మీ పక్క టేబుల్ వాళ్లకీ దొరుకుతాయి. అందరికీ ఉన్నది మీ ప్రత్యేకత కాలేదు. టీ-వర్క్స్‌లో ఒక పీసు చక్కగా చేయించుకోవచ్చు. అదే పీసు నెలకి ఐదు వేలు, ఒకే కొలతతో, చర్లపల్లిలో ఏ వర్క్‌షాపులో జాబ్ వర్క్‌కి (కూలి లెక్కన చేసిపెట్టే పనికి) ఇవ్వాలి, డ్రాయింగ్‌లో ఎంత తేడా వరకు ఒప్పుకోవాలి, వచ్చిన సరుకును ఎవరు చెక్ చేయాలి అన్నవి మీరే నేర్చుకోవాలి. టీ-హబ్ లాంటి ఇంక్యుబేటర్‌ నుంచి బయటికొచ్చిన ఏడాదికి ఎవరు మిగిలారు అని చూస్తే, అక్కడున్నన్నాళ్లూ ఈ రెండో రకం పని నేర్చుకున్నవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు.

రాకెట్లు చేసే స్కైరూట్ లాంటి కంపెనీ కూడా ఇస్రో సాయం తీసుకుంది కదా? మరి లోపలి బలం గొప్పేముంది?

తీసుకుంది, దాచుకోలేదు కూడా. పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా ఇద్దరూ ఇస్రోలో పనిచేసినవాళ్లు. 2018లో హైదరాబాద్‌లో స్కైరూట్ పెట్టారు. అంతరిక్ష రంగంలో ప్రైవేటు సంస్థలకు తలుపులు 2020లో తెరుచుకున్నాయి. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ఎగిరింది. మన దేశంలో ఒక ప్రైవేటు కంపెనీ తయారుచేసి ఎగరేసిన మొదటి రాకెట్ అది.

ఇస్రో ప్రయోగ కేంద్రాన్ని, పరీక్షా సదుపాయాలను ఇవ్వగలదు. వాటిని ఎప్పుడు, ఏ పరీక్షకి, ఏ ప్రశ్న పట్టుకుని వాడుకోవాలో తెలిసినవాళ్లు కంపెనీలోనే ఉండాలి. రెండేళ్లు ముందే పని మొదలుపెట్టి ఉండటం వల్ల, తలుపులు తెరుచుకున్న రోజుకి వాళ్ల చేతిలో చూపించడానికి ఏదో ఒకటి ఉంది. ఈ నగరంలో డీఆర్‌డీఎల్, మిధాని, బీడీఎల్, ఈసీఐఎల్ లాంటి రక్షణ, లోహ, ఎలక్ట్రానిక్స్ రంగాల ప్రభుత్వ సంస్థలు దశాబ్దాలుగా ఉండటం వల్ల, వాటికి విడిభాగాలు చేసిపెట్టే చిన్న వర్క్‌షాపులు బాలానగర్, చర్లపల్లి చుట్టూ పెరిగాయి. కష్టమైన లోహాన్ని కోసే చేతులు ఊళ్లోనే దొరకడం వేరే నగరంలో పెట్టేవాళ్లకు లేని సౌకర్యం. ఇలాంటి కథలు రాసేటప్పుడు ఆ టర్నర్లు, ఫిట్టర్ల ఊసు ఎవరూ ఎత్తరు.

మా దగ్గర ఏ సామర్థ్యం ఉందో ఎలా తెలుసుకోవాలి? మేం అన్నీ బాగానే చేస్తాం అనిపిస్తుంది.

అనిపించడం సహజం. అందుకే మీ అభిప్రాయాన్ని పక్కనబెట్టి ఆర్డర్ల బుక్కు తీయండి. గత ఏడాదిలో అడగకుండానే మళ్లీ ఆర్డరిచ్చినవాళ్లెవరు? వాళ్లలో ఐదారుగురికి ఫోన్ చేసి, మా దగ్గరికే ఎందుకొచ్చారని అడగండి. జవాబు చాలాసార్లు మీరు ఊహించనిది వస్తుంది. క్వాలిటీ అని మీరనుకుంటారు. ‘మీరు చెప్పిన రోజుకే డెలివరీ ఇస్తారండీ’ అని వాళ్లంటారు. అలాగైతే మీ బలం ప్లానింగ్. కొత్త ప్రొడక్ట్ పెట్టేముందు దాన్ని కాపాడుకోవాలి.

తర్వాత, మీరు పదిహేను రోజులు ఊళ్లో లేకుండా చూడండి. పెళ్లికో, తిరుపతికో వెళ్లి ఫోన్ తక్కువ చూడండి. తిరిగొచ్చాక ఏయే పనులు ఆగాయో రాసుకోండి. ఆగనివి కంపెనీ సామర్థ్యాలు. ఆగినవి మీ ఒక్కరి సామర్థ్యాలు.

మా వ్యాపారం మొత్తం ఒక మాస్టర్ మీద నడుస్తోంది. ఆయన మానేస్తే?

కూకట్‌పల్లిలో పచ్చళ్ల యూనిట్ అయినా, నాచారంలో డై (లోహపు అచ్చు) తయారుచేసే షాపు అయినా ఇదే భయం. ఆ భయంలో అర్థముంది. నైపుణ్యం ఒక మనిషి చేతిలో ఉన్నంతకాలం అది ఆయన ఆస్తి, మీరు దాన్ని అద్దెకు వాడుకుంటున్నారు.

పచ్చళ్ల సంగతే తీసుకుందాం. ఆవకాయ కలిపే అత్తయ్య గారు గుప్పెడు, చారెడు లెక్కన వేస్తారు. ఇంటికైతే చాలు. నెలకి రెండు టన్నులు చేసేటప్పుడు ఆవిడ పక్కన ఒకరు త్రాసు పెట్టుకుని కూర్చోవాలి. ఆవిడ వేసిన ప్రతిదీ వేసేముందు తూచి రాయాలి. ఒక బ్యాచ్‌ది రాస్తే చాలదు. కాయ పులుపును బట్టి, ముక్కలో తేమను బట్టి, ఆ ఏడాది కారం ఘాటును బట్టి ఆవిడ పాళ్లు మారుస్తారు. ఎప్పుడు మార్చారో, ఏం చూసి మార్చారో రాసుకోవడంలోనే అసలు విషయముంది. ‘ముక్క విరిస్తే తడి తగిలింది, ఇంకో పూట ఆరబెట్టమన్నారు’ లాంటి వాక్యాలు ఆ పుస్తకంలో ఉండాలి. ఒక సీజన్ మొత్తం ఇలా రాస్తే, వచ్చే ఏడాది రెండో మనిషి చేత ఆవిడ కళ్లముందే కలిపించవచ్చు.

ఇక్కడ యజమానులు అడగడం మరిచిపోయే ప్రశ్న ఒకటుంది: ఆ మాస్టరైనా, ఆ అత్తయ్య గారైనా మీకు ఎందుకు చెప్పాలి? చెప్పిన మర్నాడు తన అవసరం తీరిపోతుందని వాళ్ల భయం. ఆ భయం అబద్ధం కాదు, చాలాచోట్ల అదే జరిగింది కూడా. కాబట్టి నేర్పిన ప్రతి మనిషికీ ఇంత అని ఇవ్వండి, లేదా లాభంలో కొంత వాటా రాసివ్వండి. నోటి మాటతో కాదు, కాగితం మీద. గురువుగా ఆయనకి దక్కే గౌరవం కూడా నలుగురి ముందు కనిపించాలి. ఇది లేకుండా వీడియో తీసి పెట్టుకుంటే చాలనుకునేవాళ్లకు, వీడియోలో లేని ఆ ఒక్క మెలిక ఏమిటో మాస్టర్ వెళ్లాకే తెలుస్తుంది.

ఐటీలో పన్నెండేళ్లు చేశాను. క్లౌడ్ కిచెన్ పెడదామనుకుంటున్నా. నా అనుభవం పనికొస్తుందా?

కొంత పనికొస్తుంది, మీరనుకునేంత కాదు. కంప్లయింట్లు నమోదు చేసి మూలకారణం వెతకడం, ఒక మార్పు చేసేముందు చిన్నగా పరీక్షించడం, ఎవరు ఏం చేయాలో రాతలో పెట్టడం వంటగదికీ కావాలి. మామూలు హోటల్ వాళ్లలో ఇవి తక్కువ. అక్కడ మీరు ముందుంటారు.

కానీ తెల్లవారుజామున మార్కెట్‌కి వెళ్లి కూరగాయల ధర, నాణ్యత చూసి కొనడం, మధ్యాహ్నానికి మిగిలిన అన్నం లెక్క, చెప్పాపెట్టకుండా మానేసే కుక్ స్థానంలో ఆ సాయంత్రానికే ఇంకొకరిని నిలబెట్టడం, డెలివరీ యాప్ కమీషన్ పోగా ప్లేటుకి ఎంత మిగులుతుందో నోటిలెక్కగా చెప్పగలగడం, ఇవి మీ పన్నెండేళ్లలో లేవు. ఉద్యోగం మానకముందే శని, ఆదివారాలు తెలిసినవాళ్ల హోటల్‌లో పని చేసి చూడండి. గల్లాపెట్టె దగ్గర కాదు, లోపల.

ఉన్న కంపెనీలోంచే కొత్త వ్యాపారం పెడుతున్నాం. పాత బలం ఉంది కాబట్టి సులువే కదా?

పాత బలం కొత్తదానికి అడ్డం కూడా రావచ్చు. హైదరాబాద్ ఆల్విన్ పాత తరానికి గుర్తుంటుంది. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, వాచీలు, నిస్సాన్‌తో కలిసి చిన్న రవాణా వాహనాలు కూడా చేసింది. చివరికి ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కి, వాహనాల విభాగం మహీంద్రాకి వెళ్లాయి. ప్రభుత్వ నిర్వహణ, మారిన మార్కెట్, పోటీ, ఇలా కారణాలు చాలా చెప్పొచ్చు. నేను చూసేది మాత్రం ఇది: రేకు వంచి ఫ్రిజ్, బస్సు చేయగలగడం ఒక విద్య, చేతి గడియారం చేసి షోరూములో అమ్మడం వేరే విద్య. పేరు ఒకటైనంత మాత్రాన లోపలి పని ఒకటి కాదు.

మీ కొత్త వ్యాపారానికి కావలసిన పనులను ఒక కాగితం మీద రాసి, వాటిలో పాత కంపెనీ నిజంగా చేస్తున్నవి ఎన్నో టిక్ పెట్టండి. సగం కూడా రాకపోతే అది విస్తరణ కాదు, పాత పేరుతో మొదలవుతున్న కొత్త కంపెనీ. దానికి వేరే మనిషి, వేరే లెక్కలు కావాలి.

డబ్బు నిర్వహణ కూడా సామర్థ్యమేనా? అది ఆడిటర్ పని కదా?

ఆడిటర్ గారు జరిగిపోయినదానికి లెక్క చెబుతారు. రాబోయే మూడు నెలల్లో ఏ వారం డబ్బు ఆగుతుందో చూడాల్సింది మీరు. నెలకి 10 లక్షల సరుకు అమ్మి, దానికి 7 లక్షలు ఖర్చుపెడుతూ, డబ్బు 90 రోజులకు వసూలవుతుంటే, మీ సొంతం 21 లక్షలు ఎప్పుడూ బయట ఇరుక్కునే ఉంటాయి. ఆర్డర్లు రెట్టింపైతే 42 లక్షలు. లాభంలో ఉండి కూడా రొటేషన్‌కి (రోజువారీ ఖర్చులకు) చేతిలో డబ్బు లేక మూతపడేది ఇలాగే.

తయారీ, సేవల రంగాల్లోని సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 ఎంఎస్ఎంఈ చట్టం అండగా ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి బాకీ పెట్టకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ అడగొచ్చు. దీనికి ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ ఉండాలి. అయితే చట్టం ఉండటం వేరు, పెద్ద కస్టమర్‌ని నొప్పించకుండా గడువుకి వారం ముందే ఫోన్ చేసి వసూలు చేసుకోగలిగే మనిషి ఆఫీసులో ఉండటం వేరు. ఆ మనిషిని వెతకండి.

ఇదంతా ఏర్పడటానికి ఎంతకాలం పడుతుంది?

పైన చెప్పినవాటినే చూడండి. శాంతాకి 1993 నుంచి 1997, దివీస్‌కి రీసెర్చ్ సెంటర్ నుంచి ప్లాంటుకి 1990 నుంచి 1995, స్కైరూట్‌కి 2018 నుంచి 2022. అదీ ముందే వేరేచోట పని నేర్చుకున్నవాళ్లు, లేదా నేర్చినవాళ్లను పోగుచేసుకున్నవాళ్లు పెట్టిన కంపెనీలు. మీది చిన్న వ్యాపారమైతే ఇంత పట్టకపోవచ్చు. కానీ పద్దెనిమిది నెలల్లో అంతా కుదురుకుంటుందని బ్యాంకుకి రాసిచ్చిన ప్రాజెక్టు రిపోర్టును మీరే నమ్మకండి.

ఈ మధ్యలో ఇల్లు గడిచేదెలా?

జాబ్ వర్క్ చేయండి. మీ సొంత ప్రొడక్ట్‌కి కావలసిన నైపుణ్యాన్నే వాడి, వేరేవాళ్లకు పని చేసిపెట్టండి. డబ్బు వస్తుంది, చేయి కూడా తిరుగుతుంది. ఒకటే జాగ్రత్త: జాబ్ వర్క్ నెలనెలా డబ్బు తెస్తుంది కాబట్టి సొంత పనిని మింగేస్తుంది. వారంలో ఒక రోజు, మీ దగ్గరున్న మంచి మనిషిని జాబ్ వర్క్ జోలికి పోనివ్వకండి.